విప్పిన వరుసలు

పొద్దున్నే టీ నీళ్ళు మరిగేలోపు టైలరమ్మ సూదులకి దారం ఎక్కించి పెట్టుకుంటుంది. కిటికీ దగ్గర నిలబడి, దారం కొసని నాలుక మీద తడిపి, ఒక కన్ను మూసి, ఒక్కొక్క సూదికీ ఎక్కించి చిన్న దిండుకి గుచ్చేస్తుంది. సాయంత్రానికి కళ్ళు మొరాయిస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు. తోడికోడలు పోయిన మర్నాడు కూడా అలాగే చేసింది. ఇంటినిండా చుట్టాలున్నారు. వాళ్ళలో ఓ పెద్దావిడ చూసి, ఈ ఒక్కపూటా ఆ సూదులు పక్కన పెట్టరాదటమ్మా అంది. టైలరమ్మ అలాగేనండీ అని, చేతిలో ఉన్నదానికి దారం ఎక్కించి మరీ పక్కన పెట్టింది.

ఆవేళ ఆమెకి ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. ఒత్తిగిలి పడుకున్నప్పుడు కిందపడి తిమ్మిరెక్కిన చెయ్యి ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉండిపోయింది. తనదే, కానీ తనది కాదు. గిల్లితే తెలియదు. రెడీమేడ్ బట్టల దుకాణం వెనకగదిలో ఆమె పని. పాంట్లు పొట్టి చెయ్యడం, నడుములు వదులు చెయ్యడం, చేతులు బిగించడం. పని ఎప్పట్లాగే చేసింది, ఒక్క కొలత కూడా తప్పలేదు. దుకాణంవాళ్ళు గుండెధైర్యం గల మనిషని మెచ్చుకున్నారు. ఇంట్లోవాళ్ళు మాత్రం కొంచెం భయంగా చూసేవాళ్ళు.

తోడికోడలు ఆమెకంటే పెద్దది, ఆ ఇంటికి ముందొచ్చింది. టైలరమ్మ ఆమెని అక్కా అనేది. ఒకే వంటిల్లు, ఒకే కుట్టుమిషను, పక్కపక్క గదులు. పోట్లాడుకుంటే ఒకపూట మాటలుండేవి కావు, రెండోపూటకి ఎవరో ఒకరు కూరలో ఉప్పు చూడమని గరిటె చాపేవాళ్ళు. బొంతలు కుట్టే సరదా అక్కదే. పాత చొక్కాలు, చిరిగిన దుప్పట్లు, రంగు వెలిసిన కర్టెన్లు దేన్నీ పారెయ్యనిచ్చేది కాదు. చేతికుట్టు మాత్రం అంతంతమాత్రం. "నీ కుట్లు కవాతు చేస్తున్నట్టుంటాయే, నావి సంతకి బయల్దేరినట్టుంటాయి" అని తనే నవ్వేది.

మందుల షాపు మీద ఒక పొడుగాటి గది ఉంది. రెండు బల్లలు కలిపి వేసి, వారానికి రెండు సాయంత్రాలు అక్కడ ఆడవాళ్ళు బొంతలు కుట్టి ఆసుపత్రికి ఇస్తారు. పెత్తనం రిటైరైన నర్సమ్మది. ఆవిడ గదిలోకొస్తే ఫ్యాను కూడా సర్దుకుని తిరుగుతుందని మిగతావాళ్ళ హాస్యం. పాటల టీచరొకావిడ వస్తుంది, మొదలుపెట్టడమే తప్ప ముగించడం ఎరగని మనిషి. బ్యాంకులో పనిచేసే అమ్మాయి వస్తుంది, అందరికంటే చిన్నది, ఏది చెప్పినా బుద్ధిగా నేర్చుకునే పిల్ల. వీళ్ళందరికీ కుట్టు నేర్పింది టైలరమ్మే. ఆమె మొదటిరోజు చెప్పిన మాట ఇప్పటికీ అక్కడ చట్టం. వంకర కుట్టు కంటబడితే ఎవరిదని చూడొద్దు, జాలిపడొద్దు, విప్పి మళ్ళీ కుట్టండి అని.

ఆ ఎండాకాలం నర్సమ్మ ఒక హుకుం జారీ చేసింది. కొత్త బొంత ఎవరూ మొదలుపెట్టకూడదు. ఇళ్ళల్లో మూలనపడి ఉన్న సగం సగం బొంతలన్నీ బయటికి తీసి పూర్తి చెయ్యాలి. ఎవరిది వాళ్ళు కాదు, మార్చుకోవాలి. విసుగుపుట్టి వదిలేసినదాన్ని మళ్ళీ వాళ్ళ చేతికే ఇస్తే మళ్ళీ వదిలేస్తారు కదా అంది. పాటల టీచరు రెండు సంచులు మోసుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావమ్మా అంటే, మంచం కింద, అందుకే మా మంచం అంత మెత్తగా ఉంటుంది అంది.

అదే వారం టైలరమ్మ బావగారు, అంటే అక్క భర్త, అటక మీద సామాను తియ్యమన్నాడు. అందులో అక్క బొంత ఒకటి దొరికింది. టైలరమ్మ దాన్ని కూరగాయల సంచిలో పెట్టుకుని గదికి తీసుకొచ్చి బల్లమీద పడేసింది. తెచ్చేటప్పుడు ఏమీ అనిపించలేదు. విప్పి పరిచాక ఒక మూల చూసింది. అక్క మంచంపట్టాక, దిండుకి ఆనుకుని కుట్టిన వరుసలు అవి. అప్పటికి చెయ్యి వణుకుతోంది. నీలం దారం ఒకచోట పొడుగ్గా సాగి, ఒకచోట ముద్దకట్టి, గీత దాటి పక్క ముక్కలోకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. చివరి వరుస సగంలో ఆగిపోయింది.

ఈ మూల ముట్టుకోకండి అని చెబుదామనుకుంది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. మనిషి పోయినప్పుడు కన్నీటిచుక్క రాలనిదానికి నాలుగు వంకర కుట్లమీద మమకారమేమిటని ఎవరైనా అంటారేమో, అనకపోయినా తనే అనుకుంటుందేమో. పైగా మిగిలిన పని చాలావరకు అవతలి వైపుంది. ఈ వైపు ఎవరొస్తారులే అనుకుంది. బొంత బ్యాంకు పిల్ల వాటాకి వెళ్ళింది.

తర్వాత గదికి వెళ్ళినప్పుడల్లా తన చేతిలో పాటల టీచరు బొంత కుడుతూనే ఓరకంట ఆ మూలని చూసుకునేది. ఉంది. మళ్ళీ వారమూ ఉంది. అంతలో బడులు తెరిచే రోజులొచ్చాయి. దుకాణంలో యూనిఫాంలు కుప్పలుపడ్డాయి, తల ఎత్తే తీరిక లేక రెండు సాయంత్రాలు గదికి వెళ్ళలేకపోయింది.

మళ్ళీ వెళ్ళేసరికి ముగ్గురూ ముసిముసిగా నవ్వుతూ కూర్చున్నారు. నర్సమ్మ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఒళ్ళో బరువుగా ఏదో పెట్టింది. బొంత పూర్తయింది. అంచు కూడా కట్టేశారు. నిన్ను ఆశ్చర్యపరుద్దామని ముగ్గురం కూర్చుని లాగించేశాం అంది పాటల టీచరు, తన జన్మలో ముగింపు చూసిన మొదటి బొంత ఇదేనని కూడా చెప్పుకుంది.

టైలరమ్మ మూల వెతికింది. నీలం దారం లేదు. దాని చోట తెల్లదారంతో సన్నటి కుట్లు, ఒకదాని వెనక ఒకటి, అచ్చం తను నేర్పినట్టు.

"ఆ మూల ఘోరంగా ఉంది పిన్నీ" అంది బ్యాంకు పిల్ల, మెప్పు కోసం ముందుకి వంగి. "మీరు చెప్పినట్టే చేశాను. జాలిపడకుండా మొత్తం విప్పేశాను."

"చక్కగా కుట్టావమ్మా" అంది టైలరమ్మ. నిజంగానే చక్కగా కుట్టింది. వేలితో తడిమి చూస్తే ఒక్క కుట్టు ఎగుడుదిగుడు లేదు. ట్యూబులైటు కిందికి వంచితే మాత్రం, కొత్త వరుసల మధ్య పాత సూది పోట్లు కనబడ్డాయి. ముతక బట్ట కాబట్టి చిన్న చిన్న చిల్లులు ఇంకా పూడలేదు. గీత దాటి వెళ్ళిన దారి, వెనక్కి వచ్చిన దారి, సగంలో ఆగిన చోటు. బట్ట ఒకసారి నీళ్ళలో పడితే అవి మూసుకుపోతాయి. ఈ సంగతి ఆమెకి రోజూ చేసే పనిలోదే.

నర్సమ్మ బొంతలన్నీ ఒక మూటగా చేరుస్తోంది. రేపు వేడినీళ్ళలో ఉతికించి, ఎల్లుండి ఆసుపత్రికి పంపాలట. దాన్ని కూడా ఇలా ఇవ్వమని చెయ్యి చాపింది. టైలరమ్మ ఇవ్వలేదు. ఏమ్మా అని నర్సమ్మ కొస పట్టుకుని లాగింది. టైలరమ్మ వదల్లేదు. ఇద్దరి మధ్యా బొంత బిగుసుకుంది.

"ఇది ఇవ్వనండీ."

"ఇవ్వవా? అన్నీ ఇచ్చేవే కదమ్మా, నువ్వూ ఒప్పుకున్నావుగా."

"ఒప్పుకున్నాను. ఇది మాత్రం ఇవ్వను. ఉతకొద్దు కూడా." ఆమె గొంతులో ఏ మార్పూ లేదు, పాంటు పొడవు చెబుతున్నట్టే చెప్పింది. "ఆ మూల మా అక్క పడుకుని కుట్టింది. అవే ఆఖరివి."

నర్సమ్మ కొస వదిలేసింది. బ్యాంకు పిల్ల మొహం పాలిపోయింది. ఆ పిల్ల లేచి చెత్తబుట్ట బోర్లించి నీలం దారం ముక్కల కోసం ఏరడం మొదలుపెట్టింది. అవి ఊడ్చి పారేసి రోజులైంది, అందులో ఉన్నవి ఇవాళ్టి పోగులే. అయినా ఏరుతూనే ఉంది. టైలరమ్మ లేచి వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. తప్పు నీది కాదు, చెప్పకపోవడం నాదే అంది.

అప్పుడు పాటల టీచరుకి ఒక ఆలోచన వచ్చింది. తెల్లదారం తీసేసి, ఆ చిల్లుల వెంటే నీలం దారంతో మళ్ళీ కుట్టేస్తే సరిపోదా అని. అక్కలా వంకరగా కుట్టడం వస్తుందో లేదో ముందు పనికిరాని గుడ్డ మీద చూసుకుందామని కూర్చున్నారు. నర్సమ్మ కుట్టింది, తిన్నగా వచ్చింది. బ్యాంకు పిల్ల కళ్ళు తుడుచుకుంటూ కుట్టింది, ఇంకా తిన్నగా వచ్చింది. పాటల టీచరుది వంకరగా వచ్చిందిగానీ, అది కావాలని తిప్పిన వంకరలా, ముగ్గు గీతలా అందంగా ఉంది. ఇన్నాళ్ళూ వంకరపోయిందని నా చేత ఎన్నిసార్లు విప్పించావు, తీరా అవసరమైనప్పుడు రాకుండా పోయింది చూడు అని ఆవిడ వాపోయింది. నర్సమ్మకి నవ్వాగలేదు. టైలరమ్మ కూడా సూది తీసుకుని నాలుగు కుట్లు వేసి చూసింది. ఆమెవి కవాతు చేశాయి.

వద్దులెండి, ఇలాగే ఉండనివ్వండి అంది. బొంత మడిచి కూరగాయల సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో ఏడుపు వస్తుందేమోనని ఒక షట్టరు వేసిన దుకాణం ముందు ఆగింది. రాలేదు. సంచి చెయ్యి మార్చుకుని ఇంటికి వెళ్ళి అన్నం వండింది.

ఆమె ఇప్పుడూ ఆ గదికి వారానికి రెండుసార్లు వెళుతుంది. ఎవరి బొంత అయినా చేతికి రాగానే అక్కడ అందరూ ముందు ఇది ఎవరిది, ఇందులో ఏది ఉంచాలి అని అడుగుతారు. అక్క బొంత ఆమె మంచం మీద ఉంటుంది. అది వచ్చాక ఆమె ఒత్తిగిలి పడుకోవడం మానేసింది, చెయ్యి కిందపడి తిమ్మిరెక్కకుండా వెల్లకిలా పడుకుంటోంది.