కాశీలో పెద్దమ్మ వదిలినది

నా చిన్నప్పుడు నాకు ఇద్దరు అమ్మలు ఉండేవారు. సామర్లకోటలో నన్ను పెంచుతున్న ఆవిడను అమ్మా అని, మండపేట నుంచి నెలకోసారి బస్సులో వచ్చే ఆవిడను మండపేటమ్మా అని పిలిచేదాన్ని. నన్ను కన్నది మండపేటమ్మ అని నాకు తెలుసు. తెలియడం వేరు, పిలుపు వేరు.

నేను పుట్టిన నాలుగో నెలలో నన్ను కన్న అమ్మకు క్షయ అని తేలింది. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. పసిపిల్లను దగ్గరికి రానివ్వొద్దన్నారు. అప్పుడు అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ, వచ్చి నన్ను కొంగులో చుట్టుకుని సామర్లకోట తీసుకెళ్లిపోయింది. పెద్దనాన్న పోయి అప్పటికి ఏడాది. పిల్లలు లేరు. నేను వెళ్లాకే ఆవిడ మళ్లీ వేళకు వండుకుని తినడం మొదలుపెట్టిందని చెప్పేవారు. నాకు మూడేళ్లు వచ్చేసరికి అమ్మకు పూర్తిగా నయమైంది. కానీ ప్రతి వేసవికీ పెద్దమ్మ ఇంకొక్క ఏడాది ఉంచమని అడిగేది. ఇక్కడ బడి బాగుందనేది, కొత్త చోట పిల్లకు నీళ్లు పడవనేది. బిడ్డను బతికించిన మనిషి మాట కాదనడానికి అమ్మకు నోరు వచ్చేది కాదు.

అమ్మ వచ్చినప్పుడల్లా సున్నుండలు తెచ్చేది. నేను పెద్దమ్మ వెనక్కి వెళ్లి కొంగు పట్టుకుని నిలబడేదాన్ని. చెయ్యి చాచి రమ్మంటే రానని తల ఊపేదాన్ని. అమ్మ నవ్వేసి, దానికి నేను అలవాటు లేనులే అక్కా అనేది. తర్వాత పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చేది. ఉన్న రెండు గంటల్లో మూడుసార్లు కడుక్కునేది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

పెద్దమ్మకు భక్తి ఎక్కువని వీధిలో అందరూ అనేవారు. సోమవారం వస్తే భీమేశ్వరుడి గుడికి వెళ్లాల్సిందే. ఇంట్లో రోజూ పొద్దున్నే పీట వేసుకుని దేవుడి ముందు కూర్చునేది. అయితే నామాలు సగంలో ఆపి, లేచి వచ్చి, నేను అరుగు మీదే ఉన్నానో లేదో చూసుకునేది. గుడిలో కళ్లు మూసుకున్న మనిషి నా మువ్వల చప్పుడు కాస్త దూరమైతే చాలు, కళ్లు తెరిచేది. దేవుడికన్నా నేనే ఎక్కువని నాకు గర్వంగా ఉండేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆవిడ వీధిలో వాళ్లతో కలిసి కాశీ బయల్దేరింది. ఆ ఇరవై రోజులూ నన్ను మండపేట పంపమని అమ్మ ఉత్తరం రాసింది. పెద్దమ్మ పంపలేదు. బడి పోతుందని చెప్పి పక్కింటి అక్క దగ్గర ఉంచి వెళ్లింది.

కాశీ వెళ్లినవాళ్లు గంగలో మునిగి, తమకు ఇష్టమైన పండో కూరో వదిలి రావాలి. ఇక బతికినంతకాలం దాన్ని ముట్టకూడదు. వాళ్లు తిరిగొచ్చిన రోజు వీధంతా మా అరుగు మీదే ఉంది. ఎవరేం వదిలారన్న మాట వచ్చింది. ఒకావిడ కాకరకాయ వదిలానంది. ఆవిడ కాకరకాయ తినగా ఎవరూ ఎప్పుడూ చూడలేదని అందరూ నవ్వారు. పెద్దమ్మ పనసపండు అంది. పనస తొనలంటే ఆవిడకు నిజంగానే ప్రాణం. కానీ ఆ రోజు ఆవిడ ఎవరి నవ్వులోనూ కలవలేదు. అన్నాళ్ల తర్వాత వచ్చి కూడా నన్ను ఒళ్లోకి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న నా గౌన్లన్నీ మడతపెట్టి ట్రంకుపెట్టెలో సర్దింది. పుస్తకాలూ సర్దింది. ఎక్కడికని అడిగితే మండపేటకంది. ఎన్నాళ్లకని అడిగితే పెట్టె మూత వేసింది. బస్సు కదిలాక, కిటికీలోంచి చేల వైపు చూస్తూ అంది.

"ఇవాళ్టి నుంచి నన్ను పెద్దమ్మా అని పిలువు. అమ్మా అంటే నేను పలకను."

చూద్దామని వెంటనే అమ్మా అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. మండపేట వచ్చేదాకా అంటూనే ఉన్నాను. ఆవిడ మొహం కిటికీ వైపే ఉంది.

పెట్టెతో సహా మమ్మల్ని చూసి అమ్మ కంగారుపడింది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. పిల్ల ఏమైనా చేసిందా అని అమ్మ అడుగుతోంది. పెద్దమ్మ గొంతు వినబడింది.

"ఇది నీ దగ్గరికి రానన్నప్పుడల్లా నాకు లోపల సంతోషంగా ఉండేది చెల్లాయ్. నువ్వు పెరట్లో మొహం కడుక్కుంటున్నా ఆ సంతోషం పోయేది కాదు. గంగలో నిలబడి దోసిట్లో నీళ్లు తీసుకుని పనసపండు అన్నాను. లోపల మాత్రం ఆ సంతోషమే కనబడింది. దాన్ని అట్టే పెట్టుకుని దేవుడికి ఎన్ని దణ్ణాలు పెడితే ఏం లాభం?"

అమ్మ ఏడుస్తూ, ఒక్కదానివీ ఎలా ఉంటావక్కా అంది.

"ఏమో. ఉండాలిగా" అంది పెద్దమ్మ.

అమ్మ బతిమాలితే రెండు ముద్దలు తిని లేచింది. వీధి గుమ్మం దగ్గర నేను కొంగు పట్టేసుకున్నాను. ఆవిడ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, నా చెయ్యి అమ్మ చేతిలో పెట్టింది. నేను అమ్మ చెయ్యి కొరికాను. అమ్మ వదల్లేదు. పెద్దమ్మ వెనక్కి తిరక్కుండా సందు మలుపు తిరిగిపోయింది.

అమ్మకు అలవాటుపడటానికి నాకు ఏడాది పైనే పట్టింది. పెద్దమ్మను మాత్రం చాలా ఏళ్లు క్షమించలేదు. సెలవుల్లో వెళితే తలంటి పోసేది, జడ వేసేది, ఇష్టమైనవి వండేది. అనుకున్న రోజున బస్సెక్కించేది. ఇంకొక్క రోజు ఉండు అని ఒక్కసారీ అనలేదు. నేను కోపం కొద్దీ పెద్దమ్మగారూ అని పరాయి మనిషిని పిలిచినట్టు పిలిచేదాన్ని. ఆవిడ ఏమ్మా అని మామూలుగానే పలికేది. కాశీ వెళ్లొచ్చాక మనిషి రాయైపోయిందనుకున్నాను.

నా పెళ్లయిన మరుసటి ఏడాది ఆవిడ పోయింది. ఆ రోజు పక్కింటి అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నేను వెళ్లిపోయిన ప్రతిసారీ పెద్దమ్మ రెండు మూడు రోజులు దేవుడి ముందు కూర్చుని ఏడ్చేదట. ఏడుపు ఆగేది కాదట, నామాలూ ఆగేవి కావట. పిల్లను వదిలేశాక కూడా ఈ ఏడుపేంటండీ అని అక్క ఒకసారి అడిగిందట.

"ఏడవనని నేనెవరికీ మొక్కలేదు కదమ్మా" అందట పెద్దమ్మ.

అది విన్నాక నాకు ఏడుపొచ్చింది. కానీ అప్పటికి ఆవిడను తీసుకెళ్లిపోయారు.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గరపడుతోంది. పూజలు చాలానే చేస్తాను. కిందటి నెల మా అబ్బాయి భోజనాల దగ్గర, అమ్మ చేతి పులుసు ఇంకెవరికీ రాదు అన్నాడు. పక్కనే ఉన్న కోడలి మొహం చిన్నబోయింది. అది చూసి నాకు లోపల తియ్యగా అనిపించింది. ఈ వయసులో కూడా. సాయంత్రం దీపం ముందు కూర్చుంటే చేతులు జోడించబుద్ధి కాలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, ఆ పిల్ల పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీశాను. మధ్యాహ్నం పులుసులో నేను ఉప్పు ఎక్కువ వేశానని, వాడికి తెలియలేదని చెప్పాను. కోడలు నవ్వింది. అప్పుడు వచ్చి దణ్ణం పెట్టుకున్నాను.

పెద్దమ్మ వదిలినదాని ముందు ఇదెంత. అయినా ఆ నాలుగు మాటలు చెప్పడానికి నాకు చాలా కష్టమైంది.