ట్యాంకు మీద పిల్ల

నా చిన్నప్పుడు నేను ఏడుపు లంకించుకుంటే గుణదల కొండ మీద మేరీమాతకు కూడా వినపడుతుందని మా అమ్మ అంటుండేది. అంత పెంకిదాన్ని. నన్ను కొట్టకుండా, తిట్టకుండా దారికి తెచ్చింది ఒక్క మా తాతయ్యే. ఆయన హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునేవాడు. ఏటా గుణదల తిరునాళ్లకు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి పోయేవాడు. మా ఇల్లు ఆ కొండ కిందే. ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, ఆ తిరునాళ్లకు వెళ్లనివాళ్లు మా వీధిలో లేరు. ఇన్నేళ్ల తర్వాత అదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా మనవడి వల్ల. వాడి సంగతి చివర్లో చెప్తాను.

ఆ ఏడు తిరునాళ్లలో మోటారు సైకిలు బావి పెట్టారు. బావి అంటే నేలలో తవ్వింది కాదు. చెక్కలు నిలువుగా బిగించి రెండంతస్తుల ఎత్తున గుండ్రంగా కట్టింది. జనం బయటి మెట్లెక్కి, పైఅంచు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూడాలి. అడుగున ఒకాయన బండి స్టార్టు చేసి గుండ్రంగా తిప్పుతూ తిప్పుతూ గోడ మీదికి ఎక్కించేస్తాడు. ఇక బల్లిలాగా గోడకు అడ్డంగా పరుగే. మేము నిలబడ్డ చెక్కలు కూడా దడదడలాడాయి. రెండో ఆటకు ఆయన పెట్రోలు ట్యాంకు మీద తన కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు. నా ఈడుదే. ఎర్ర గౌను, రెండు జడలు. బండి సరిగ్గా మా మొహాల దగ్గరికి వచ్చినప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ వదిలేసి పైకెత్తింది. అబ్బ, జనం ఒకటే ఈలలు! నన్ను భుజాల మీద ఎక్కించుకున్న తాతయ్య కూడా చప్పట్లు కొట్టాడు.

ఇంకేముంది, నేనూ ట్యాంకు మీద కూర్చుంటానని మొదలుపెట్టాను. ఇంటికొచ్చి అన్నం మానేశాను. అమ్మ వీపు మీద ఒకటిచ్చింది. నాన్న కాళ్లూ చేతులూ విరుగుతాయని బెదిరించాడు. నేను వింటేగా! తాతయ్య ఒక్కడే, "సరేలే, ఎక్కుదువుగాని. ఎలా ఉంటుందో ముందు ఆ పిల్లనడిగొద్దాం" అన్నాడు. ఆ ముక్కతో ఏడుపు ఠక్కున ఆపేశాను. గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆట మొదలుకాకముందే తీసుకెళ్లాడు. బావి వెనకాల టార్పాలిన్ పట్టా కింద ఆ పిల్ల అంట్లు తోముకుంటోంది. ఎర్ర గౌను తాడు మీద ఆరుతోంది. నాకు కాస్త నీరసం వచ్చింది. తాతయ్య దాని పక్కన గొంతుక్కూర్చుని, తిరునాళ్లలో కొన్న జీళ్ల పొట్లం చేతిలో పెట్టి, ఊరూ పేరూ అడిగాడు. గడ్డం కింద ఇంకా పచ్చిగా ఉన్న దెబ్బ ఏంటమ్మా అని అడిగితే, "బండి జారిందండి. మా నాన్న తప్పేం లేదు" అంది గబుక్కున. మరి మళ్లీ ఎక్కడానికి భయం వెయ్యదా అన్నాడు తాతయ్య. పిచ్చి ప్రశ్న అడిగినట్టు ఆయన వంక చూసి, "నాకెందుకండీ భయం? మా నాన్న ఉంటాడుగా" అంది. అని మళ్లీ గిన్నె తోముకోవడంలో పడింది.

ఇంతలో వాళ్ల నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తాతయ్య లేచి, ఏమీ అనుకోకు బాబూ అంటూనే, పిల్లను దించెయ్యరాదా, నువ్వొక్కడివే నడిపినా జనం చూస్తారు కదా అని బతిమాలినట్టు అడిగాడు. ఆయన కోప్పడలేదు. ఎన్నోసార్లు చెప్పిన మాటే మళ్లీ చెప్తున్నట్టు చెప్పాడు. "నన్నూ మా నాన్న ఇట్టాగే కూర్చోబెట్టుకున్నాడండీ. పిల్ల లేకపోతే మెట్లెవరెక్కుతారు? నిన్న మీరూ చప్పట్లు కొట్టారుగా."

పైనుంచి చూసే మొహాలు కింద నడిపేవాడికి కనపడతాయని తాతయ్య అనుకోలేదు కాబోలు. నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

ఏలూరు కాలువ గట్టు మీదికి వచ్చాక అడిగాడు, "అమ్మలూ, నిన్ను నేనే బండెక్కించి ఆ గోడ మీద తిప్పాననుకో. భయపడతావా?"

"నువ్వుంటావుగా తాతయ్యా, నాకేం భయం!" అన్నాను, చెయ్యి ఊపుకుంటూ.

"అందుకేనే ఎక్కించనిది" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. మోసం చేశాడన్నది మాత్రం బాగా అర్థమై ఆ గట్టు మీదే కూలబడి కాళ్లు నేలకేసి కొట్టాను. సైకిళ్ల మీద పోయేవాళ్లంతా ఆగి చూశారు. ఆయన నన్ను ధాన్యం బస్తాలాగా భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చాడు.

మరుసటి ఏడు ఆ బావి మళ్లీ వచ్చింది. ముందు రంగుల బోర్డు మీద రెండు చేతులూ ఎత్తిన ఎర్ర గౌను పిల్ల బొమ్మ అలాగే ఉంది. లోపల మాత్రం ఆయన ఒక్కడే నడిపాడు. ఆట అయ్యాక తాతయ్య వెనక్కి వెళ్లి, పాప రాలేదా అని అడిగాడు. "ఇప్పుడు రావట్లేదండీ" అని ఆయన తలొంచుకుని బండి చక్రం బిగించుకోసాగాడు. తాతయ్య మళ్లీ అడగలేదు. ఏమని అడుగుతాడు? నా చెయ్యి మాత్రం ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, నొప్పెడుతోంది వదులు తాతయ్యా అని దారంతా గోల పెట్టాను. వదల్లేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని, ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేకపోయాను అని తనలో తనే అనుకున్నాడు. గట్టిగా చెప్తే మాత్రం ఏమయ్యేదో నాకిప్పటికీ తెలియదు.

ఇక మా మనవడి సంగతి. వాడికి ఏడేళ్లు. మా అబ్బాయి వాడికి బైకు కొన్నాడు. సైకిలు కాదండీ, ఇంజను ఉన్న బైకే. పిల్లల కోసం ప్రత్యేకంగా చేస్తారట. మైలవరం దారిలో మామిడితోట కొట్టేసి మట్టి దిబ్బలు పోసి ట్రాకు చేశారు. ఆదివారం వస్తే తండ్రీ కొడుకులు అక్కడే. మా అబ్బాయి మంచివాడు, కొడుకంటే ప్రాణం. ఆ బావి వాళ్లకు కూటి కోసం తప్పలేదు, వీడికేం తక్కువని? అదే అడిగాను. "అమ్మా, అది సర్కసు, ఇది స్పోర్టు. హెల్మెట్టు ఉంది, చెస్ట్ గార్డు ఉంది, కోచ్ ఉన్నాడు, అంబులెన్సు కూడా రెడీగా పెడతారు" అన్నాడు. అంబులెన్సును ముందే పిలిచి పెట్టుకునే ఆట ఏం ఆటరా అన్నాను. నవ్వాడు. కోడలు ఏమీ అనదు. వాళ్లు తిరిగొచ్చేదాకా వీధి తలుపు మూయదు, అంతే.

మొన్న ఆదివారం మనవడి మొదటి పోటీ. నేనూ వస్తానని పట్టుబట్టి వెళ్లాను. బూట్లు బిగిస్తున్న నెపంతో వాడి ముందు కూర్చుని, భయం వెయ్యట్లేదురా కన్నా అని అడిగాను. హెల్మెట్టు లోంచి రెండు కళ్లే కనపడుతున్నాయి.

"భయమెందుకు నానమ్మా? నాన్న ఉన్నాడుగా" అన్నాడు.

అదే మాట, అదే తేలిక. పరుగులాంటి నడకతో మా అబ్బాయి దగ్గరికి పోయి, వాడేమన్నాడో విన్నావట్రా అని చెప్పాను. ఆ ఒక్క మాట వింటే వీడికీ అర్థమవుతుంది, పరుగెత్తుకెళ్లి పిల్లాణ్ణి దించేస్తాడు అనుకున్నాను. మా అబ్బాయి మొహం వెలిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న స్నేహితుణ్ణి పట్టుకుని, "విన్నావా, నా మీద ఎంత నమ్మకమో మావాడికి!" అన్నాడు. ఆ సంతోషం ముందు నేను ఇంకేం చెప్పను?

జెండా ఊపారు. దుమ్ములో ఏ బండి ఎవరిదో తెలియలేదు. ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాను. వాడు పడలేదు. ఆఖరున వచ్చినా నవ్వుతూనే వచ్చాడు. హెల్మెట్టు తీసి, మట్టి కొట్టుకున్న మొహంతో జనంలో నాకోసం వెతికాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. వాడు నా వంకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ పిల్లాడి మనసు ఎలా విరవను? నేనూ కొట్టాను.

వచ్చే ఆదివారం మళ్లీ ఉందట. కారు దగ్గరికి నడిచేటప్పుడు వాడి చెయ్యి పట్టుకున్నాను. కాస్త దూరం పోయాక, "నొప్పెడుతోంది, వదులు నానమ్మా" అన్నాడు.

నేనూ వదల్లేదు.