అడవిలకెళ్లి వచ్చిన ఎత్తు

నేనుండేది మొఘల్‌పురాల, మా దోస్తు సలీం భాయ్ ఉండేది బార్కస్‌ల. డ్యూటీలు కలవక, కోటలు గెలుచుకునే బోర్డు గేమ్ ఈమెయిల్‌లనే ఆడుతం. ఒకరి ఎత్తు మెయిల్‌ల రాంగనే ఇంకొకరం ఇంట్ల బోర్డు మీద పావులు జరుపుకుంటం.

మొన్న భాయ్‌కి కంటి ఆపరేషన్ అయింది. అప్పటిసంది ఆయన చెప్తుంటే, ఆయన భార్య షాహీన్ భాభీ టైప్ చేసి పంపుతున్నది.

ఇయ్యాల పొద్దుగాల వచ్చిన ఎత్తుతోని నా పెద్ద కోట పోయింది. నేను బోర్డు మీది బ్రిడ్జి కాడ ఫౌజు పెట్టుకొని కూసుంటే, వాళ్లు ఎనక అడవిలకెళ్లి వచ్చిన్రు. ఉండబట్టలేక ఫోన్ చేసిన.

"మస్తు ఏసినవ్ భాయ్! అడవిలకెళ్లి వస్తవని అనుకోనేలేదు."

"అడవేంది? నేను బ్రిడ్జి మీదికెళ్లి పొమ్మన్న కదా!"

పక్కకెళ్లి భాభీ గొంతు ఇనబడ్డది. "బ్రిడ్జి మీద పోతే అందరు సచ్చేటోళ్లు జీ. అందుకే నేనే మార్చిన."

భాయ్ మెల్లగ అడిగిండు. "అయితే గెలిచినమా?"

గెలిచిన్రు, పెద్ద కోట పోతే ఆట ఖతమే. సాయంత్రం భాభీ సొంత ఐడీకెళ్లి మెయిల్ వచ్చింది. "కొత్త ఆట షురూ చెయ్యి భయ్యా. ఈసారి నా పేరు మీద."

రేపు భాయ్ కంటికి కట్టు ఇప్పుతరు. ఇగ నేను ఎవరితోని ఆడాలె? మీరే చెప్పుండ్రి.