మెడ గుండీ పట్టని చొక్కా

బాపు మళ్లీ తాటిచెట్టు ఎక్కుతున్నాడని అవ్వ ఫోన్‌లో చెప్పినప్పుడు నేను సిరిసిల్లలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉన్నాను. సంతోషం పట్టలేక మిషన్ ఆపేశాను. రెండేళ్లుగా ఆయన మోకాళ్లు మొండికేశాయి. చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకు గోడకు వేలాడుతూ ఉండిపోయింది. బాపు దాని వైపు చూస్తూ కూర్చునేవాడు. కల్లు గీయడం మానేసిన మనిషి ఇంట్లో ఎంత సతాయిస్తాడో ఆయన్ను కట్టుకున్న మా అవ్వను అడగాలి. కూరలో ఉప్పు లేదంటాడు, పక్కింటి కోడి ఊరికే అరుస్తోందంటాడు.

"గట్లెట్ల ఎక్కిండే అవ్వా?" అని అడిగాను.

"మీ అత్తమ్మ కోరుట్ల నుంచి పొడి పంపింది బిడ్డా. పాలల్ల కలుపుకోని తాగుతుండు. వారం దిరక్కముందే లేసి ఉరుకుతుండు."

అత్తమ్మ అంటే బాపు సొంత అక్క. ఏళ్ల తరబడి కూర్చుని బీడీలు చుట్టడంతో ఆమె మోకాళ్లూ పాడయ్యాయి. ఎవరో ఇంటికొచ్చి ఈ పొడి అలవాటు చేశారు. నొప్పి తగ్గగానే ఆమె ఇంకో నలుగురికి ఇప్పించింది, తమ్ముడికీ డబ్బాలు పంపడం మొదలుపెట్టింది. నేను ఆమెకు ఫోన్ చేసి మెచ్చుకున్నాను కూడా. నాకు నోరెక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు మాత్రం నా నోట్లోంచి అన్నీ తియ్యటి మాటలే వచ్చాయి.

బాపు చెట్టెక్కుతున్నాడంటే మంచి చొక్కా ఉండాలని తెల్ల చొక్కా ఒకటి కుట్టాను. ఆయన కొలతలు నాకు నోటికొచ్చు. పెళ్లికి ముందు నుంచీ ఆయన చొక్కాలన్నీ నేనే కుడుతున్నాను. చేతినిండా పనుండి రెండు నెలలకు గానీ వీలు చిక్కలేదు. ఒక ఆదివారం బస్సెక్కి, జగిత్యాలలో మారి, సారంగాపూర్ దగ్గరున్న మా ఊరికి వెళ్లాను. వాకిట్లో బాపును చూసి ముచ్చటేసింది. ముఖం గుండ్రంగా నిండింది, బుగ్గలు ఎర్రబడ్డాయి.

"జూసినవా, ఎట్ల ఒళ్లు జేసిండో" అంది అవ్వ. ఊళ్లో అందరూ అదే మాట అంటున్నారట. ఆ పొడి ఏదో మాకూ తెప్పించమని ఇద్దరు ముగ్గురు అడిగారట కూడా.

చొక్కా తొడిగాను. మెడ గుండీ పట్టలేదు. పొట్ట దగ్గర బిగిసిపోయింది. తప్పు కొలత పెట్టానేమోనని నన్ను నేనే తిట్టుకుంటూ చొక్కా చేతులు సర్దబోయాను. అవి వదులుగా ఊగుతున్నాయి. సంచిలోంచి టేపు తీసి ఆయన జబ్బ కొలిచాను. ఎన్నో ఏళ్లు మోకు పట్టిన చెయ్యి అది, సన్నబడిపోయింది. ఒళ్లు చేసినవాళ్లను నేను చాలామందిని కొలిచాను. మెడ లావైతే జబ్బా లావవుతుంది. ముఖం ఇంత నిండి చెయ్యి ఇంత చిక్కిన మనిషిని ఎక్కడా చూడలేదు. నాకు భయమేసింది.

"అవ్వా, ఆ డబ్బా ఇటు దే" అన్నాను.

డబ్బా నిండా ఆకుపచ్చ ఆకుల బొమ్మలు. మోకాళ్ల నొప్పి పూర్తిగా మాయం, సర్కారు ఆమోదం పొందింది అని పెద్ద అక్షరాలు. ఎవరు తయారు చేశారో, ఎప్పటిదాకా వాడొచ్చో చూద్దామంటే ఆ చోటంతా అలికేసినట్టుంది. అడుగున మాత్రం లైసెన్స్ నంబరు స్పష్టంగా ఉంది. తినే వస్తువులకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టాను. మా ఊళ్లో సిగ్నల్ సంగతి తెలిసిందే, వాకిలి చివర వేపచెట్టు కింద నిలబడితేగానీ పేజీ తెరుచుకోలేదు.

నంబరు నిజమైనదే. హమ్మయ్య అనుకున్నాను. పేజీ తెరుచుకునేదాకా అత్తమ్మను మనసులో అన్నేసి మాటలన్నందుకు సిగ్గేసింది. తర్వాత కిందికి జరిపి చదివాను. ఆ లైసెన్స్ ఎక్కడో వేరే రాష్ట్రంలో పసుపు, కారం పట్టే మిల్లుది. దాని గడువు కూడా తీరిపోయింది. ఇలాంటి పొడులు జబ్బు నయం చేస్తాయని డబ్బా మీద రాయనే కూడదని, ఆయుర్వేద మందైతే దాని లైసెన్స్ వేరేగా ఉంటుందని వెతికి తెలుసుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఎవడో కారం మిల్లు నంబరు తెచ్చి మా బాపు మోకాళ్లకు అతికించాడు.

చెప్తే బాపు వినలేదు.

"నంబరు ఎవనిదైతేంది బిడ్డా. నా కాళ్లు లేసినయి గద."

"లేసినయి. ముఖమెందుకు ఉబ్బింది? చేతులెందుకు సన్నబడ్డయి?"

"ఇగ సాలు. పైకి పోతెనే నేను మనిషిని. గీ అరుగు మీద గూసుంటె నన్నెవడు పలకరిస్తడు?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆ రెండేళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఇలా చెప్పలేదు. ఉప్పు గురించి, కోడి గురించి మాత్రమే చెప్పాడు. ఇప్పుడు ఆ డబ్బా లాక్కుంటే ఆయన్ను మళ్లీ ఆ అరుగు మీద నేనే కూర్చోబెట్టినట్టు.

బాపుకు ఒక గర్వముంది. ఆయన కల్లులో ఏనాడూ ఏమీ కలపలేదు. అక్కడక్కడా మత్తుమందు కలిపి అమ్మేవాళ్లున్నారని విన్నప్పుడల్లా, కొత్తగా తాగడానికొచ్చినవాళ్లకు ఆయన చెప్పే మాట ఒకటుంది. చిన్నప్పటి నుంచి వింటున్నాను కాబట్టి అదే అడిగాను.

"బాపూ, ఒక్క సీసకే నిషా ఎక్కితె నువ్వేమంటవు?"

"అండ్ల మందు గలిసిందంట. చెట్టు కల్లు గంత జల్ది ఎక్కది."

"మరి రెండేండ్ల నొప్పి వారంల పోతె ఏమంటవు?"

బాపు డబ్బా తీసుకుని మూత తిప్పి, లొట్టిలోని కల్లు వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ పొడిలో వాసనకు దొరికేది ఏమీ ఉండదని నాకు తెలుసు. మూత మళ్లీ బిగించి నా చేతిలో పెట్టాడు.

"రేపు చెట్టుకు పోవద్దా మరి?"

"రేపు జగిత్యాల దవాఖానకు పోదాం."

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. ఓపికగా విన్నది. బాపు పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. రక్తపరీక్షలో షుగర్ పెరిగినట్టు తేలింది. పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని, ముఖం ఉబ్బి చేతులు చిక్కింది దానివల్లే కావచ్చని, అలా అని ఇవాళే ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చని చెప్పింది. పొడి బదులు తను రాసిన మాత్రలు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రమ్మంది. "నొప్పి తెలుస్తలేదు గని, మోకాలు అరుగుడైతే ఆగలేదు పెద్దాయనా. గట్లనే చెట్టెక్కుతున్నరు" అంది. బాపు నా వైపు చూశాడు. అంత ఎత్తులో ఆ మోకాలు మొరాయిస్తే ఏమయ్యేదో ఇద్దరం ఒకేసారి అనుకుని ఉంటాం. డబ్బాను జిల్లా ఆహార తనిఖీ అధికారికి అప్పగించి కాగితం రాసిచ్చాం. డాక్టరమ్మ అనుమానమే నిజమని తర్వాత పరీక్షలో తేలింది.

డబ్బా అప్పగించిన రోజే, బాపును ఊరి బస్సెక్కించి నేను కోరుట్ల బయలుదేరాను. అత్తమ్మను ఏమేం అని కడిగిపారెయ్యాలో బస్సులో వరుసగా కూర్చుకున్నాను. వెళ్లేసరికి ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తింది. ఆమె ముఖం కూడా గుండ్రంగా ఉబ్బి ఉంది. కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. పక్కన కూర్చుని జరిగింది చెప్పాను.

"నా తమ్మునికి నేను విషం వెడ్తనా కోడలా? సర్కారు నంబరున్నదంటె నమ్మిన."

"నేను గూడ నమ్మిన అత్తమ్మా. సగం చదివి నమ్మిన."

ఆమె చాట పక్కన పెట్టి, చీర కొంగు దోపుకుని లేచింది. తను పొడి ఇప్పించిన ప్రతి ఇంటికీ నన్ను వెంటబెట్టుకుని తిరిగింది. ఊరికే ఆపెయ్యొద్దని, ముందు డాక్టరుకు చూపించుకోమని నాతో చెప్పించింది. ఒకావిడ వాకిట్లోనే నిలబెట్టి తిట్టింది. అత్తమ్మ ఓపికగా విని, రేపు మళ్లీ వస్తానని చెప్పింది. ఆ మర్నాడు ఆవిడే అత్తమ్మ పక్క సీట్లో కూర్చుని దవాఖానకు వచ్చింది. ఇప్పుడు ఆ వీధిలో ఎవరు ఏ డబ్బా కొన్నా అత్తమ్మ నాకు ఫోన్ చేసి నంబరు చదువుతుంది. "ఉన్నదా లేదా అని గాదు, ఎవనిది, దేనికిచ్చిండ్రు, గది జూడు" అని నాకే పాఠం చెప్తుంది.

బాపుకు ఆ ఎండాకాలం కష్టంగా గడిచింది. నొప్పులు తిరిగొచ్చాయి, వాటితో పాటు ఉప్పూ కోడీ తిరిగొచ్చాయి. డాక్టరమ్మ చెప్పిన కసరత్తుకు నేను ఇసుక నింపే చిన్న సంచులు కుట్టిచ్చాను. అవి కాళ్లకు కట్టుకుని, అరుగు మీద కూర్చుని, నన్ను తిట్టుకుంటూ కాలు లేపేవాడు. వానాకాలం వెళ్లేసరికి షుగర్ దిగింది, వాపు తీసింది.

చలి మొదలయ్యాక మళ్లీ ఊరికి వెళ్లాను. బాపు ఆ తెల్ల చొక్కా తొడుక్కుని ఉన్నాడు, మెడ గుండీ పెట్టుకుని. తాటిచెట్లు పక్కవాళ్లకు అప్పజెప్పాడు. పొలం గట్టున ఉన్న ఈత చెట్లు పొట్టివి, డాక్టరమ్మను అడిగి వాటిలో రెండు తన కోసం ఉంచుకున్నాడు. ఒకదాన్ని ఆగి ఆగి ఎక్కి, లొట్టి దించుకుని వచ్చాడు. అంతసేపూ నేను కింద నిలబడి ఆయన మోకాళ్లనే చూశాను.

"నొప్పి ఉన్నదా బాపూ?"

"ఉన్నది బిడ్డా. ఉంటెనే మంచిది. ఏడ ఆగాల్నో చెప్తది."

లొట్టి నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని గట్టు దిగాడు.