సుమితకు పెట్టిన పులుసు

మలేసియాలోని ఇపో పట్నంలో బట్టల కొట్టులో పనిచేసే సుమిత పెళ్లి కోసం ఇస్లాం పుచ్చుకుంది. మొదట్లో పెళ్లి కోసమే. తరువాత నమాజు నిజంగానే మనసుకు పట్టింది. అల్లాతో చెప్పుకునే కష్టసుఖాల్లో సగం హుటాన్ మెలింటాంగ్ ఊళ్లో ఉన్న అమ్మ గురించే. పెళ్లయ్యాక ఆమె అమ్మ వంట తినలేదు మరి. పుట్టింటి గిన్నెల్లో పంది కూర ఉడికేది. వెళ్లినప్పుడల్లా "తినేసి వచ్చినాను" అని బొంకి, ఆకలితో తిరుగు బస్సెక్కేది.

తల్లి ఎర్రమ్మ అంత అమాయకురాలేమీ కాదు. మూతి ముడుచుకుంది, కొన్నాళ్లు మాటలు మానేసింది. చివరికి తానే ఫోన్ చేసింది.

"కొత్త గిన్నెలు తెచ్చినాను, కొత్త గరిటె తెచ్చినాను. పక్కింటి మలాయ్ ఆవిడనడిగితే సేపకైతే ఏ సిక్కూ లేదన్నాది. ఈసారి తినకుండా ఎల్లినావంటే మరి రాకు."

సుమిత టీ కూడా తాగకుండా బయలుదేరింది. గుమ్మంలోనే పులుసు వాసనకు నోరూరింది. ఎర్రమ్మ పొయ్యి ఆపి, మొదటి గరిటె చిన్న పళ్లెంలో పోసి, నూకాలమ్మ పటం ముందు పెట్టి దండం పెట్టింది. దాన్ని తెచ్చి మళ్లీ గిన్నెలో కలిపేసింది. దాంతో పులుసంతా ప్రసాదమైపోయింది. బుద్ధెరిగిన నాటి నుంచి చేస్తున్న పని, చేసినట్టు ఆమెకే తెలియలేదు.

సుమిత అదంతా చూసింది. వేరే దేవతకు పెట్టిన ప్రసాదం ఇస్లాంలో తినకూడదు. తినకపోతే అమ్మ దూరమైపోతుంది. మళ్లీ బొంకుదామా అనుకుంది గానీ, బొంకి బొంకి ఆమెకు తన మీదే అసహ్యం పుట్టింది.

"అమ్మా, నాను ఎప్పుడూ తినేసి రాలేదు. ఆకలితోనే ఎల్లేదాన్ని. ఇప్పుడూ ఆకలేస్తంది. కానీ నువ్వు అమ్మోరికి పెట్టేసినావు. అది నాను తినకూడదు." చెబుతూనే ఏడ్చేసింది.

ఎర్రమ్మ పటాన్ని చూసి, గిన్నెను చూసి, నెత్తి కొట్టుకుంది.

"సెయ్యి దానంతటదే ఎల్లిపోనాది. ఇంకా సేపలున్నాయి, ఇంకో గిన్నె ఉన్నాది. నువ్వే వండు. నాను పొయ్యి కాడికొస్తే మళ్లీ ఇదే సేస్తాను."

చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ముందుగదిలో కూలబడింది. చేతులు ఆగాయి గానీ నోరు ఆగలేదు.

"సింతపండు అంత పిసక్కు. ఉప్పేసినావా?"

"ఏసినానమ్మా."

"ఏటి ఏసినావో, వాసనే రావడంలేదు."

సుమితకు నవ్వొచ్చింది. ఉప్పుకు వాసనేమిటని అడిగితే పోట్లాటే. ఆ పోట్లాట కోసమే ఇన్నాళ్లూ మొహం వాచిపోయింది.

పులుసు దిగాక "బిస్మిల్లా" అనుకుని మొదటి గరిటె ముంచి, అమ్మ పళ్లెంలో అన్నం మీద వేసింది. ఆ ఇంట్లో వడ్డన ఎప్పుడూ ముందు అమ్మవారికి, తరువాత నాన్నకు, ఆ తరువాత పిల్లలకు. అడుగున మిగిలిందే ఎర్రమ్మది. ఆమె కాసేపు చెయ్యి పెట్టలేక పళ్లెం వంకే చూసింది. తరువాత ముళ్లు తీసి, ముద్ద కలిపి, కూతురి నోటికందించింది.