కంభం దగ్గర కుంటలో తగ్గని మందు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది సంగతి. చేలల్లో కొట్టిన పురుగుమందు వానకు కొట్టుకొచ్చి కుంటలో చేరాక ఎన్నాళ్లకు ఎంత మిగులుతుందో ముందే చెప్పే గణిత సమీకరణాలు రాయడం గుంటూరులో నా పరిశోధన. కొంత మందు ఎండకు నశిస్తుంది, కొంత అడుగు మట్టికి అంటుకుంటుంది. కంభం దగ్గర నేను ఎంచుకున్న కుంటలో, వాన లేని ఫిబ్రవరి నాటికి నా లెక్క ప్రకారం దాదాపు ఏమీ మిగలకూడదు. నేను అడిగితే ఊరివాళ్లు నింపి పంపిన నీళ్ల సీసాలో మాత్రం మందు పెరిగింది. ఎవరో కొత్తగా కలుపుతున్నారని అనుమానం వచ్చి బయల్దేరాను.

తెల్లవారుజామున నంద్యాల వైపు రైలెక్కితే ఎండ ముదరకముందే కంభంలో దిగొచ్చు. అక్కణ్ణుంచి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. "ఏ మందుల కంపెనీ తరపున వచ్చినావమ్మా?" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ. ఎవరి తరపునా కాదంటే నమ్మలేదు.

కుంట గట్టున మేకలు కాస్తున్న చెన్నమ్మ కనిపించింది. "ఆ పక్కచేని ఓబులేసే మందు డ్రమ్ములు దీంట్లో కడుగుతాడు. నా మేకలు రెండు సచ్చిపోయినాయి. అందుకే వాని చేనికి ఎవురమూ కూలికి పోవట్లే" అంది. పక్కనే అతని మిరపచేను. పండిన కాయ కోసేవాళ్లు లేక చెట్టుకే ఎండి రాలుతోంది.

"నా మీద రాసుకపోను వచ్చినావా? డ్రమ్ములు చేనికాడనే కడుగుతా" అన్నాడు చేలో ఉన్న ఓబులేసు. అవి తళతళలాడుతున్నాయి. అంత శుభ్రమే నాకు అనుమానం పెంచింది.

కుంట చుట్టూ తిరిగాను. అవతలి మూల కొత్తగా తవ్విన గోతులు, ట్రాక్టర్ల జాడలు కనబడ్డాయి. పూడికమట్టి చేలకు తోలుతున్నారట. దిగడానికి వాటంగా ఉందని మేకలు తాగేదీ, ఊరివాళ్లు సీసా నింపిందీ ఆ బురదనీళ్లలోనేనట. తవ్విన వైపు, తవ్వని వైపు విడివిడిగా నీళ్లు పట్టుకొని గుంటూరు తిరిగొచ్చాను.

పరీక్షలో తవ్వని వైపు నీళ్లు నా లెక్కతో సరిపోయాయి. తవ్విన వైపువి సరిపోలేదు. మందు మట్టిలోకి పోవడం రాశాను కానీ, మట్టిని కదిలిస్తే తిరిగి నీళ్లలోకి రావడం నా సమీకరణాల్లో లేదు. అది చేర్చాక లెక్క కుదిరింది.

వారం తర్వాత మళ్లీ వెళ్లి చెప్పాను. "ఇది ఏళ్లుగా అడుగున చేరిన మందు పెద్దమ్మా. చుట్టూ ఉన్న చేలన్నిటిదీ."

"మా చేనిది గూడానా?" అంది చెన్నమ్మ.

"అవును."

ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోయాను. మర్నాడు చెన్నమ్మ నలుగురాడవాళ్లను వెంటబెట్టుకొని ఓబులేసు చేలోకి దిగింది. అప్పటికే సగం కాయ రాలి మట్టిపాలైంది. ఓబులేసు నా వైపు చూడను కూడా చూడలేదు. "ఇప్పుడు చెప్తే రాలిన కాయ చెట్టెక్కుతుందా?" అన్నాడు.

గుంటూరు రైలెక్కాను. అంకెలు తేడా వస్తే ముందు మనిషినే అనుమానించాను, నా సమీకరణాలను కాదు. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: దిగడానికి వాటంగా ఉన్న చోట సీసా నింపుకొని రావద్దు, కుంటను ఒక చుట్టు పూర్తిగా నడవండి.