అమలమ్మ చూసిన గవర్నమెంటు సంబంధం

రాష్ట్ర ఆర్థిక పరిస్థితి తెలుసుకోవడానికి మా గుణదలలో ఎవరూ బడ్జెట్ ప్రసంగం వినరు. పెళ్ళి సంబంధాలు చూసే అమలమ్మను అడుగుతారు.

"ఆడపిల్ల తండ్రి ముందు జీతమెంతని అడిగితే రాష్ట్రం బాగున్నట్టండీ. గవర్నమెంటేనా అని అడిగితే బాగాలేనట్టు," అంటుంది ఆవిడ.

కరోనాకు ముందు హైదరాబాదు కంపెనీ కుర్రాళ్ళ ఫోటోలే చేతులు మారేవి. గవర్నమెంటు ఆఫీసు గుమాస్తా ఫోటో చూపిస్తే ఆవిడకు టీ కూడా ఇచ్చేవారు కాదు. కంపెనీలు కుర్రాళ్ళను ఇళ్ళకు పంపేశాక, అదే గుమాస్తా కోసం ఇద్దరు తండ్రులు చర్చి మెట్ల మీదే మాటా మాటా అనుకున్నారు. ఈమధ్య ప్రశ్న ఇంకా ముదిరింది. "గవర్నమెంటు సరే, పర్మినెంటేనా?" అంటున్నారు. రిటైరైనవాళ్ళకు దండ వేసి పంపేసి, ఆ కుర్చీలో ఏజెన్సీ తెచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెడుతున్నారు మరి. నోటిఫికేషన్లు మామిడి పూత కాదు కదా, ఏటా రావడానికి.

ఇంత తెలిసిన మనిషి సొంత కూతురి విషయంలో బోల్తా పడింది. ఆవిడంటే నాకు గౌరవమే, అయినా చెప్పకుండా ఉండలేను.

కూతురు క్రిస్టినా పటమటలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. గవర్నమెంటు అల్లుడైతేనే గుమ్మం ఎక్కనిస్తానని అమలమ్మ వచ్చిన సంబంధాలన్నీ తిప్పి పంపింది. చివరికి మైలవరం నుంచి జోజిబాబు పెళ్ళిచూపులకు వచ్చాడు. మెడలో ప్రభుత్వ కార్యాలయం కార్డు ఉంది. గంట ఆలస్యమైనందుకు, "కలెక్టరుగారి వీడియో కాన్ఫరెన్సండీ," అన్నాడు. అమలమ్మ కరిగిపోయింది. తండ్రులందరూ ఆవిడను అడిగే ప్రశ్న ఆవిడే అడగడం మరిచిపోయింది.

పెళ్ళి ఖాయమైంది. మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఫాదర్ గారు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలంటారు. రెండుసార్లు చదివారు. రెండుసార్లూ అమలమ్మ పట్టుచీరలోనే వచ్చింది.

మూడో ఆదివారానికి ముందురోజు జోజిబాబు వచ్చాడు. మెడలో కార్డు లేదు.

"మాది ఔట్‌సోర్సింగండీ అత్తయ్యగారూ. ఏజెన్సీ మారింది. కొత్తవాళ్ళు మమ్మల్ని తీసుకుంటారో లేదో ఇంకా చెప్పలేదు. రేపు చదివేశాక మీకు తెలిస్తే బాగోదని వచ్చాను."

"ముందే ఎందుకు చెప్పలేదు బాబూ?"

"మీరు అడగలేదండీ. క్రిస్టినాకి మొదటిరోజే చెప్పాను."

అమలమ్మ కూతురి వైపు తిరిగింది. "నాకు ఒక్క మాట చెప్పలేకపోయావటే?"

"చెప్తే ఇతన్ని కూడా తిప్పి పంపేదానివి," అంది క్రిస్టినా. "నాకు ఇతనే కావాలమ్మా."

అమలమ్మ చెప్పులేసుకుని తిన్నగా ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళింది. అభ్యంతరం ఉందని చెప్పింది.

"అబ్బాయికి ముందే పెళ్ళయిందా?"

"లేదండీ."

"దగ్గరి చుట్టరికమా?"

"కాదండీ."

"అమ్మాయికి ఇష్టం లేదా?"

"ఇష్టమేనండీ. ఉద్యోగం పర్మినెంటు కాదండీ."

"అది అభ్యంతరం కిందికి రాదమ్మా," అన్నారు ఫాదర్ గారు. "ఆపాలనుంటే ఆ మాట నువ్వే వెళ్ళి నీ కూతురికి చెప్పాలి."

ఆవిడ ఇంటికి వచ్చింది కానీ చెప్పలేదు. ఊరు నవ్వుతుందన్న దిగులు ఉంది. అంతకన్నా, కన్నకూతురు తనకు భయపడి దాచిందన్న బాధ ఎక్కువగా ఉంది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

తెల్లారేసరికి సంగతి అందరికీ తెలిసిపోయింది. మా దగ్గర కబుర్లు మోయడానికి ఏ ఏజెన్సీ అక్కర్లేదు. ఫాదర్ గారు మూడోసారి పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమనగానే తలలన్నీ అమలమ్మ వైపు తిరిగాయి. ఆవిడ పక్కనున్న కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. లేవలేదు.

బయటికి వస్తుంటే రూతు ఎదురైంది. పర్మినెంటు అల్లుడి కోసం అమలమ్మ చుట్టూ తిరుగుతున్న తల్లి. నలుగురికీ వినపడేలా అడిగింది.

"అబ్బాయి గవర్నమెంటేనన్నారు కదండీ, అమలమ్మగారూ?"

"ఆఫీసు గవర్నమెంటుదండీ," అంది అమలమ్మ. "పిల్లాడు మావాడు."